దాటించని మాట

మా మందిరానికి విదేశీ బోధకుడు వస్తే ఆయన పక్కన నిలబడి తెలుగు చెప్పే పని ఇరవై రెండేళ్లు నాదే. పటమటలో ఒక సందు చివర, మేడ మీద హాలు మాది. బోధకుడు ఇంగ్లీషులో ఒక మాట చెప్పి ఆగుతాడు. నేను దాన్ని తెలుగులో చెప్పి ఆగుతాను. ఆయన చెయ్యెత్తితే నేనూ ఎత్తాలి, గొంతు పెంచితే నేనూ పెంచాలి. ‘ఆయన అంటున్నారు’ అనకూడదు. ‘నేను పాపిని’ అని ఆయనంటే ‘నేను పాపిని’ అనే నేనూ అనాలి. అలా ఎందరి పాపాలో నా నోటితో ఒప్పుకున్నాను. ఒకాయన తాగి తండ్రి మీద చెయ్యి చేసుకున్న సంగతి చెప్పిన రోజు, కొత్తగా వచ్చిన ఒక ముసలావిడ కూటం అయ్యాక నా చెయ్యి పట్టుకుని, “నాన్నని కొట్టావా బాబూ? ఇప్పుడు బాగా చూసుకుంటన్నావా?” అని అడిగింది.

ఈ పనిలో ఎవరూ నేర్పని ఒక పద్ధతి ఉంది. వచ్చినవాడికి మన సంగతులు తెలియవు. మన వాళ్లు నొచ్చుకునే మాట ఏదో ఒకటి అంటాడు. అప్పుడు దాన్ని మెత్తగా చేసి దాటించాలి. ఒకసారి ఒక బోధకుడు, తానూ భార్యా రాత్రి భోజనం దగ్గర చెరో గ్లాసు వైన్ పెట్టుకుని ప్రార్థన చేసుకుంటామన్నాడు. మా సంఘంలో వైన్ షాపు ముందు నిలబడ్డా పెద్దలు పిలిచి అడుగుతారు. క్షణం కూడా ఆలోచించకుండా నేను ‘చెరో కప్పు కాఫీ’ అన్నాను. “ఆమెన్” అన్నారు అందరూ. ఇంకొకాయన కృష్ణ ఇంత మురికిగా ఉంటుందనుకోలేదన్నాడు. ‘మీ నదిని చూశాను’ అన్నాను నేను, అంతే. కూటం అయ్యాక మా సంఘ పెద్ద ఒకాయన నా భుజం తట్టి, “బ్రహ్మాండంగా దాటించారు బ్రదర్” అనేవాడు. అది పాపమని నాకెప్పుడూ తోచలేదు. అది ప్రేమ అనుకున్నాను. వినేవాళ్ల మీదా, చెప్పేవాడి మీదా.

ఆ పెద్దాయన రొయ్యల్ని ఎగుమతి చేసే కంపెనీ ఒకదానికి చెరువుల దగ్గర కొనుగోలు చూసేవాడు. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. సిలబస్‌లో ఆధునిక చైనా ఒక పేపరు. నల్లమందు యుద్ధం తర్వాత చైనా ఏ రేవులు తెరవాల్సి వచ్చింది, విదేశీ వర్తకులు యాంగ్‌ట్జీ నది వెంట లోపలికి ఎంతదూరం పోయారు, ఒడ్డున తమకంటూ పేటలు కట్టుకుని తమ చట్టమే తమకు వర్తించేలా ఎలా బతికారు, ఇదంతా ఏటా చెబుతాను. వర్తకుడికి చైనీయుల భాష రాదు, చైనీయ రైతుకి వర్తకుడి భాష రాదు. మధ్యలో ఒక మనిషి ఉండేవాడు. టీ కొనాలన్నా, సిల్కు కొనాలన్నా, కూలీని పెట్టుకోవాలన్నా అన్నిటికీ వాడే. కాంప్రడార్ అని బోర్డు మీద రాసి కింద గీత గీసేవాణ్ణి. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న.

ఒక జనవరిలో పెద్దాయన ఫోన్ చేశాడు.

“బ్రదర్, చైనా నుంచి కొనేవాళ్ల తరఫున ఒక మేడమ్ వస్తన్నారు. ఇంగ్లీషు బాగానే మాట్లాడతారు. మన రైతులతో మీటింగు. మీరు పక్కన నిలబడితే చాలు.”

“వ్యాపారం మాటలు నాకేం తెలుసండీ?”

“దేవుడి మాటలే చెప్పేవాళ్లు, రొయ్యల మాటలు చెప్పలేరా?” అని నవ్వాడు.

శనివారం పొద్దున్నే కారులో బయలుదేరాం. ముందు సీట్లో పెద్దాయన, వెనక ఆవిడా నేనూ. నలభై దాటిన మనిషి. బందరు రోడ్డులో ఉయ్యూరు దాటేవరకూ కిటికీలోంచి చెరకు బళ్లు చూస్తూ కూర్చుంది. తర్వాత నేనేం చేస్తుంటానని అడిగింది. చెప్పాను. తనది యాంగ్‌ట్జీ ఒడ్డునున్న ఊరేనని, ఆ పాత విదేశీ పేటల బిల్డింగులు ఇప్పటికీ నది పక్కన వరసగా ఉన్నాయని, పెళ్లి ఫొటోలు అక్కడే తీయించుకుంటారని చెప్పింది.

“మీ పిల్లలకి మా ఊరి గురించి ఏం చెబుతారు?”

చెప్పాను. మధ్యవర్తి మాట వచ్చేసరికి ఆవిడ నవ్వింది. తన ముత్తాత తండ్రి అదే పని చేశాడట, ఒక విదేశీ టీ కంపెనీకి.

“ఇంట్లో ఆయన ఫొటో పెట్టం” అంది.

“ఎందుకని?”

“కంపెనీకి సగం చెప్పేవాడట, మావాళ్లకి సగం చెప్పేవాడట. మిగిలిన సగంతో ఇల్లు కట్టాడు.”

నేను నవ్వాను. పెద్దాయన వెనక్కి తిరిగి ఏమంటోందని అడిగాడు. వాళ్ల ఊరి కబుర్లు అన్నాను.

చల్లపల్లి దాటి నాగాయలంక వైపు వెళ్లే దారిలో ఒక చెరువు గట్టు మీద రేకుల షెడ్డు. పదిమంది రైతులు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఆ షెడ్డూ చెరువూ ఎవరివో ఆ రైతు కూతురు మా కాలేజీలో నా క్లాసులోనే ఫైనలియర్ చదువుతోంది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

“మాస్టారు వచ్చారంటే ఇంక మనకి దిగులు లేదురా” అన్నాడు మిగతావాళ్లతో. “ఈయన వాళ్ల దేవుడి మాట చెప్పే మనిషి. ఆ నోట్లో అబద్ధం రాదు.”

వాళ్లంతా హిందువులు. మా కూటాలకి ఏనాడూ రాలేదు. అయినా ఆ మాట నాకు బిరుదులా అనిపించింది. ఛాతీ ఉబ్బింది. దాచను.

ఆవిడ గట్టు దిగి, వల్లో తీయించిన రొయ్యల్ని ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకుని చూసింది. తల వాసన చూసింది, తోక విప్పి చూసింది. ఆ రైతు నా చెవి దగ్గర, “పెళ్లిచూపుల్లో మా అత్తగారు కూడా నన్నింత ఇదిగా చూళ్లేదండీ మాస్టారూ” అన్నాడు. అది కూడా చెప్పమన్నారు పక్కవాళ్లు. చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వి, “మరి చివరికి ఒప్పుకున్నారా?” అంది. దాన్ని తెలుగులో చెప్పాను. షెడ్డంతా గొల్లుమంది. అంత తేలిగ్గా ఉంది పని.

తర్వాత, వేయబోయే పంటకి ఒప్పందం. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్క షరతూ చెబుతుంటే నేను తెలుగులో చెబుతున్నాను. సీడు, అంటే రొయ్య పిల్లలు, ఎక్కడ తెచ్చుకోవాలి, ఏ మందులు వాడకూడదు, ఎంత సైజు రొయ్య కావాలి. చెరువు రిజిస్ట్రేషన్ కాగితం రొయ్య పట్టుబడి అయ్యేదాకా పెద్దాయన కంపెనీ దగ్గరే ఉంటుంది. ఆ కాగితం లేకపోతే ఏ ఫ్యాక్టరీ కూడా రొయ్య కొనదు, అది అందరికీ తెలుసు. దానికీ తలూపారు. చివరి షరతు దగ్గర ఆవిడ కొంచెం ఆగి, ఒక్కో ముక్కా విడమరిచి చెప్పింది. “మా రేవులో సరుకు ఆపేస్తే మేము కొనక్కర్లేదు. కానీ మేము రాసిచ్చేదాకా ఆ రొయ్యని మీరు వేరే ఎవరికీ అమ్మడానికి లేదు.”

నేను నోరు తెరిచాను. పెద్దాయన నా మోచేతిని పట్టుకుని నెమ్మదిగా అన్నాడు, “ఆఖరిది వద్దు బ్రదర్. ఊరికే కంగారుపడతారు. అలా ఎప్పుడూ జరగదులెండి.”

ఆయన చెప్పకపోయినా నేను అదే చేసేవాణ్ణేమో. అందరూ నవ్వుతున్నారు. ఆ మాట గట్టిగా, మొరటుగా ఉంది, మన వాళ్లు నొచ్చుకుంటారు. ఇరవై రెండేళ్ల అలవాటు నాలుక మీదికి వచ్చింది. “రేవు సంగతి అంతా వాళ్లే చూసుకుంటారు. మీరు వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాల్సిన పనుండదు” అన్నాను. కాఫీ కప్పు.

ఆ రైతు అందరికంటే ముందు సంతకం పెట్టాడు.

తిరిగి కారెక్కేముందు ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. “చివరిది కూడా చెప్పారు కదా? వాళ్లు ఏమీ అడగలేదు. ఎక్కడికి వెళ్లినా దాని గురించే అడుగుతారు.”

“చెప్పాను” అన్నాను.

అవునంటే అవును, కాదంటే కాదు, అంతకుమించింది చెడ్డవాడి నుంచి వస్తుందని ఆదివారం బడిలో పిల్లలకి నేర్పేవాణ్ణి నేను. ఆవిడ కళ్లలోకి చూసి అవునన్నాను. అంతకుముందు చేసింది అలవాటు. ఇది మాత్రం అబద్ధం. ఆ తేడా ఆ క్షణమే తెలిసింది. అయినా కారెక్కాను.

మార్చిలో ఆ పాఠం వచ్చింది. ఏటా చెప్పేదే. మొదట్లో చైనీయ భాష నేర్చుకున్న విదేశీయుల్లో చాలామంది మిషనరీలు. అందుకే ఒప్పందాలు రాసుకునే చోట అనువాదానికి వాళ్లను పిలిచేవారు. నల్లమందు మోసే ఓడలో అనువాదకుడిగా వెళ్లి, అదే ఓడ మీంచి సువార్త పత్రికలు పంచినవాళ్లు కూడా ఉన్నారు. ఫ్రాన్సుతో చేసుకున్న ఒక ఒప్పందంలో, ఫ్రెంచి ప్రతిలో లేని ఒక షరతు చైనీయ ప్రతిలో కనిపిస్తుంది. మిషనరీలు లోపలి ప్రాంతాల్లో భూములు కొని ఇళ్లు కట్టుకోవచ్చని. దాన్ని చేర్చింది అనువాదానికి కూర్చున్న మిషనరీయే అంటారు. ఇది చెప్పినప్పుడల్లా నాకు కొంచెం ఇబ్బందిగా ఉండేది. ఆయన ఉద్దేశం మంచిదే అని ఒక మాట కలిపేవాణ్ణి. ఆ ఏడూ కలిపాను.

ఆ రైతు కూతురు లేచింది.

“సార్, ఉద్దేశం సంగతి సరే. చైనా వాళ్లు అనువాదకుణ్ణి నమ్మే కదా సార్ సంతకం పెట్టింది?”

“అవునమ్మా.”

“మరి వాళ్లని మోసం చేసింది వర్తకులా, ఆయనా?”

బెల్లు కొట్టలేదు. గోడ గడియారంలో ఇంకా పన్నెండు నిమిషాలుంది. తర్వాతి క్లాసులో చెబుతానన్నాను. డస్టర్ తీసుకుని బోర్డు మీద రాసిందంతా తుడిచి, మళ్లీ అదే రాశాను.

ఏప్రిల్ రెండో వారంలో ఆ రైతు ఫోన్ చేశాడు. రొయ్య సైజుకి వచ్చింది, పట్టడానికి మనుషుల్ని కూడా పిలిచాడు, కంపెనీ మాత్రం ఆగమంటోంది. చైనా రేవులో ఏదో తనిఖీ, కొన్ని కంటైనర్లు ఆగిపోయాయట.

“మరి రేవు సంగతి వాళ్లే చూసుకుంటారన్నారు గదండీ మాస్టారూ. ఇంకో పార్టీకి ఇచ్చేద్దామంటే కాగితం ఇవ్వట్లేదు. రాసిచ్చేదాకా అమ్మకూడదని సంతకం పెట్టావంటన్నారు. నేనట్టా ఎక్కడ పెట్టానండీ? మీరు చెప్పినప్పుడు అందులో ఆ మాట లేదు గదా?”

“కనుక్కుంటాను” అన్నాను.

పెద్దాయనకి ఫోన్ చేశాను. “ప్రభువు చూసుకుంటాడు బ్రదర్. నాలుగు రోజులు ఓపిక పట్టమనండి.”

“ఆ షరతు నేను చెప్పలేదండీ వాళ్లకి.”

“మీరు చెప్పలేదని ఎవరికి తెలుసు? పదిమందీ సంతకాలు పెట్టారు. ఇప్పుడు మీరు బయటపెడితే కంపెనీ పోదు బ్రదర్, నేను పోతాను. ఆదివారం మీ పక్కన ఎవరు నిలబడతారో ఆలోచించుకోండి.”

నా పక్కన ఎవరు నిలబడతారు. నిజానికి ఇరవై రెండేళ్లుగా నేనే కదా ఒకరి పక్కన నిలబడింది. నాకు తెలిసిన చోటు అదొక్కటే. మేడ మీద ఆ హాల్లో, మైకు ముందు, బోధకుడికి ఎడమవైపు రెండడుగులు. దాన్ని పోగొట్టుకోవడం ఊహించలేకపోయాను.

ఆ ఆదివారం ఆస్ట్రేలియా నుంచి ఒకాయన వచ్చి యోనా కథ మీద మాట్లాడాడు. చెప్పమన్న మాట చెప్పకుండా ఓడెక్కి పారిపోయినవాడు, చేప కడుపులో మూడు రోజులు. ‘నేను లోపల ఉన్నాను, తలుపులన్నీ మూసుకున్నాయి’ అని ఆయన ఇంగ్లీషులో అన్నాడు. అదే నేను తెలుగులో అన్నాను. మొదటి వరసలో పెద్దాయన కళ్లు మూసుకుని తలూపుతున్నాడు. జేబులో ఫోన్ మోగకుండా వణుకుతోంది. ఎవరో చూడక్కర్లేదు నాకు.

ఆ వారమంతా ఫోన్ ఎత్తలేదు. రోజూ ప్రార్థనకి కూర్చుంటాను, కానీ మాట రాదు. ఇతరుల మాట చెప్పడమే తెలుసు నాకు. నాదంటూ ఒకటి చెప్పాల్సి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఎండలు ముదిరాయి. ఎండ పెరిగితే చెరువులో రొయ్యకి గాలి చాలదని, సైజుకి వచ్చిన రొయ్య ఎక్కువ రోజులు నీళ్లలో ఉంటే జబ్బొచ్చి ఒక్కసారిగా పోతుందని ఆ రోజు షెడ్డులోనే విన్నాను. అవి చెరువులో, నేను ఇంట్లో. దారి ఇద్దరికీ లేదు అనుకునేవాణ్ణి. తర్వాత సిగ్గేసేది. నాకుంది దారి. బస్సెక్కితే రెండున్నర గంటలు.

శుక్రవారం క్లాసుకి ఆ అమ్మాయి రాలేదు. చెరువు దగ్గర నాన్న ఒక్కడే ఉన్నాడని వెళ్లిందని పక్కమ్మాయి చెప్పింది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి చెరువులో గాలి కొట్టే మోటర్లన్నీ తిరుగుతున్నాయి. ఆయన గట్టు మీద మేత గోనెల పక్కన కూర్చుని ఉన్నాడు. ఈసారి లేవలేదు.

“ఫోన్ పాడైందా మాస్టారూ?”

“లేదండీ.”

ఒక మూల నీళ్ల మీద తెల్లగా తేలుతున్నవి చూపించాడు. “పొద్దుటి నుంచి ఆ మూల మొదలయింది.”

నిలబడే చెప్పాను. ఆ రోజు ఆవిడ ఏమందో, నేను ఏం చెప్పానో, ఏం చెప్పలేదో, చెప్పారా అని ఆవిడ అడిగితే అవునన్నానని. మోటర్ల చప్పుడుకి గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. మెత్తగా చెప్పడానికి వీలు లేకపోయింది. ఆ అమ్మాయి షెడ్డు గుంజ పట్టుకుని వింటోంది.

తిడతాడనుకున్నాను.

“ఆవిడ నెంబరుందా?” అన్నాడు.

“ఉంది.”

“కలపండి. ఈసారి నేను మాట్లాడతా, మీరు ఇంగ్లీషులో చెప్పండి. ఒక్క ముక్క కూడా వదలకుండా.”

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్లలో అవతలి మాట ఇవతలికి తేవడమే కానీ, ఇవతలి మాట అవతలికి చేర్చమని నన్నెవరూ అడగలేదు. మా ముసలావిడలు ఏమంటారో ఏ బోధకుడూ అడగలేదు. షెడ్డులో కూడా ఆ అత్తగారి జోకు ఒక్కటే అటువైపు వెళ్లింది.

ఆవిడ ఫోన్ ఎత్తింది. వీడియోలో వెనక ఆఫీసు గోడ కనిపిస్తోంది. ఆయన ఫోన్‌లోకి చూసి మొదలుపెట్టాడు. నేను ఎప్పటిలాగే ‘ఆయన అంటున్నారు’ అనకుండా చెప్పాను.

“నా పేరు మీ కాగితంలో మొదటిదండీ. ఇది నా చెరువు. మీ రేవు మూసుకుంటే మీ తిప్పలు మీరు పడండి. నా రొయ్య ఇక్కడ చస్తంది.”

చెప్పాను.

“నా కాగితం నాకు పంపమని చెప్పండి. రేపు ఎవరొస్తే వాళ్లకి పట్టించేస్తా.”

చెప్పాను.

ఆయన నా వైపు చూశాడు. “ఇంకో మాట చెప్పండి. మీ పక్కన నిలబడ్డ మనిషి నాకు అబద్ధం చెప్పాడు. ఆ షరతు చెబితే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు.”

పద్ధతి ప్రకారం నేను ‘నాకు’ అనే అనాలి. “మీ పక్కన నిలబడ్డ మనిషి నాకు అబద్ధం చెప్పాడు” అని ఇంగ్లీషులో, నా నోటితో, ఆయనగా నా గురించి చెప్పాను. ఎంతమంది పాపాలో ఒప్పుకున్న నోరే అది. మోటర్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఆవిడ నన్ను చూసింది, ఆయన్ని కాదు.

“నేను మిమ్మల్ని అడిగాను” అంది.

“అడిగారు.”

“ఏమంటంది?” అన్నాడు ఆయన.

“నేను మిమ్మల్ని అడిగాను, అంటోంది. నాతో అంటోంది.”

“మరి మన సంగతి?”

ఆవిడ చెప్పింది. నేను విన్నాను. మా వాళ్లకి ధైర్యం చెప్పాలని, ‘తప్పకుండా చూస్తానంటోంది’ అనాలని నాలుక కదిలింది. ఇరవై రెండేళ్లది, ఒక్క రోజులో పోదు.

“మా ఆఫీసులో అడుగుతాను, మాట మాత్రం ఇవ్వలేను, అంటోంది” అన్నాను.

“అంతేనా?”

“అంతే.”

ఆయన లేచి, లుంగీ ఎగ్గట్టి, తేలుతున్న మూల వైపు వల తీసుకుని వెళ్లాడు. కూతురు రెండో వల తీసుకుంది. కాసేపటికి నన్ను చూసి, “సార్, ఆ బకెట్టు ఇటు పట్రండి” అంది.

చెరువు కాగితం నాలుగో రోజున వచ్చింది, బయట అమ్ముకోవచ్చని రాసిన ఒకే ఒక వాక్యంతో. అప్పటికి ఆ మూల రొయ్యంతా పోయింది. మిగిలింది ఆయన పట్టించి స్థానికంగా అమ్మేశాడు. నేను వెళ్లి మిగతా తొమ్మిది మందికీ ఆ షరతు చెప్పివచ్చాను. ఇద్దరు తలుపు తీయలేదు. కొత్త సీజన్‌లో ఆ కాగితం ఎవరైనా తెస్తే అక్షరం అక్షరం చదివి వినిపిస్తానని ఆ అమ్మాయికి చెప్పాను. “నేను చదువుకుంటాను సార్” అంది.

మందిరంలో నన్ను మళ్లీ మైకు దగ్గరికి పిలవలేదు. ఇప్పుడు ఆదివారాలు నాలుగో వరసలో చాప మీద కూర్చుంటాను. మైకు దగ్గర కొత్త కుర్రాయన నిలబడుతున్నాడు. మంచి గొంతు. మొన్న వచ్చిన బోధకుడు మన వంటలు తిని రెండు రోజులు లేవలేకపోయానన్నాడు. ఆ కుర్రాయన ఒక్క క్షణం ఆగి, ‘మీ ఆతిథ్యం మరువలేను’ అన్నాడు. పెద్దాయన మొదటి వరసలో నవ్వాడు. అందరూ “ఆమెన్” అన్నారు. నా నోట్లోంచి మాత్రం ఆ మాట రాలేదు.